నీరు కలుపని చుక్క

తొలకరి చినుకు నేలపై పడగానే లేచు మట్టివాసనను ఎరుగని తెలుగువాడు ఉండడు. ఆ వాసన ఎంతోసేపు నిలువదు. పీల్చుచుండగనే పలుచబడి పోవును. అయినను ఆ కొన్ని క్షణములలో గడచిన వేసవి యంతయు, చిన్ననాటి ఇంటి ముంగిలియు, వాన కెదురుచూచిన పెద్దల ముఖములును ఒక్కమారుగా మనస్సున మెదలును. గంధము భూమికి మాత్రమే గల గుణమని మన తార్కికులు చెప్పిరి. నీటిలో గాని గాలిలో గాని వాసన తోచినయెడల, అది అందు కలిసిన భూమి అంశము వలననే యని వారి నిర్ణయము. తర్కము చదివిన విద్యార్థి ఈ మాటను వల్లెవేసి, పరీక్షలో వ్రాసి, పిదప మరచిపోవును.

ఈ తర్కము నెన్నడును వినియెరుగని స్కాట్లండు ప్రజలు మాత్రము దీనినే వేరొక త్రోవను కనిపెట్టి, సీసాలలో నింపి, లోకమునకు పంపుచున్నారు. వారి సింగిల్ మాల్ట్ విస్కీలో ఒక్క చోటి నీరు, ఒక్క చోటి పొగ, పీపా కొయ్య, పది పండ్రెండేండ్ల కాలము గుక్కెడు ద్రవములో ఇమిడి, చదువరి కొఱకు ఎదురుచూచుచుండును. దానిని నీరు, సోడా, మంచుగడ్డ వేయక, ఉన్నది ఉన్నట్లుగా ఆస్వాదించుటను నీట్‌గా పుచ్చుకొనుట యందురు. అది త్రాగుడు కంటె చదువునకు దగ్గరయైన పని. ఆ చదువునకు తొందర పనికిరాదు. అధికము అసలే పనికిరాదు.

ఈ వ్యాసమును చదువువారిలో పెక్కుమంది దానిని రుచి చూడనివారే యగుదురు. విద్యార్థులు చూడవలసిన పనియును లేదు. అందువలన వచ్చు కొఱత స్వల్పము. విస్కీలను పరీక్షించుటయే వృత్తిగా గల నిపుణులు సయితము పనివేళలో దానిని ఇరువది పాళ్ల బలమునకు పలుచన చేసి, ముక్కుతోనే తీర్పు చెప్పుదురు గాని గుటక వేయుట అరుదు. ఈ విద్యలో ముక్కు గురువు; నాలుక శిష్యుడు.

పేరు, దాని హద్దులు

విస్కీ యను పేరు స్కాట్లండు కొండసీమల గేలిక్ భాషనుండి వచ్చినది. మూలములో అది రెండు మాటలు. జీవజలమని వాని యర్థము. మధ్యయుగములలో ఐరోపా వైద్యులును సన్న్యాసులును లాటిను భాషలో ‘ఆక్వా వీటే’ అని పిలిచినదానికే అది గేలిక్ సేత. కాలక్రమమున రెండవ మాట రాలిపోయి, మొదటిది ఆంగ్లేయుల నోట నలిగి విస్కీ యయినది. అనగా జీవము పోయి జలము మాత్రము మిగిలినది! నీరు కలుపరాదని పట్టుబట్టువారు పుచ్చుకొను వస్తువు పేరునకు నీరనియే యర్థము. ఇట్టి పరిహాసములు భాషలకు క్రొత్త కావు.

దీనిని గూర్చి దొరకిన పాత వ్రాతలలో మొదటిది ఒక గుమాస్తా పద్దు. స్కాట్లండు రాజుల ఖజానా లెక్కలలో 1494 నాటి పుటయందు, నాలుగవ జేమ్సు రాజు ఆజ్ఞచే జాన్ కోర్ అను సన్న్యాసికి ‘ఆక్వా వీటే’ చేయుటకై ఎనిమిది బోలుల మాల్టు ఇచ్చినట్లు వ్రాయబడియున్నది. బోల్ అనునది మన పుట్టి, తూము వంటి ధాన్యపు కొలత. మన రాజుల చరిత్రకు దానశాసనములు సాక్ష్యమిచ్చునట్లు, విస్కీ చరిత్రకు ఈ పద్దు సాక్ష్యమిచ్చుచున్నది.

నేడు ఆ పేరునకు చట్టము హద్దులు గీచినది. 2009 నాటి నిబంధనల ప్రకారము స్కాచ్ అనిపించుకొనవలెనన్న విస్కీ స్కాట్లండులోనే తయారై, 700 లీటర్లకు మించని ఓక్ కొయ్య పీపాలలో మూడేండ్లకు తక్కువ గాకుండ అచ్చటనే నిలువయుండవలెను. సీసాలో దాని బలము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. మాల్ట్ అన్నచో మొలకెత్తించిన బార్లీ తప్ప వేరు ధాన్యము చేరరాదు. రాగి పాత్రలలో విడత విడతగా బట్టీ పట్టవలెను. సింగిల్ అన్న మాటకు ఒక్క పీపా యని కొందరు పొరబడుదురు. ఒక్క బట్టీ యని దాని యర్థము. ఆ బట్టీలోని ఎన్ని పీపాలనైనను కలుపవచ్చును. పొరుగు బట్టీలోని చుక్క మాత్రము చేరరాదు. అందుచే సింగిల్ మాల్ట్ అనగా ఒక్క ఊరి మాట.

గింజ, పొగ, రాగి

బార్లీని రెండు మూడు దినములు నీట నానబెట్టి, తీసి, నేలపై పరచి మొలకెత్తనిత్తురు. మన ఇండ్లలో పెసలు మొలకెత్తించునట్లే. మొలకెత్తబోవు గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకొనుటకు కావలసిన ఎంజైములను సిద్ధపరచుకొనును. మొలక పెరిగి ఆ పిండిని తినివేయక మునుపే వేడిగాలిచే ఆరబెట్టి ఆపుదురు. ఇదియే మాల్టు. ఆరబెట్టు మంటలో ఏమి వేసిరన్నదానిని బట్టి విస్కీ గుణము సగము నిశ్చయమగును.

చెట్లు తక్కువైన ఆ దీవులలో వంటచెరకు పీట్ అను మట్టిగడ్డ. చిత్తడి నేలలలో నాచు, గడ్డి, పొదలు చచ్చి నీట మునిగి, గాలి సోకమిచే పూర్తిగా క్రుళ్లక, పొరలు పొరలుగా పేరుకొని పీట్ అగును. అది ఏటికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగును. కావున ఒక మీటరు లోతున త్రవ్వి తీసిన గడ్డ ఇంచుమించు వేయేండ్ల నాటిది. మనకు పిడక యెట్లో వారికి పీట్ అట్లు. దాలిలో పిడకలపై కాగిన పాలకు పట్టు పొగవాసన నెరిగినవారికి, పీట్ పొగ సోకిన మాల్టు గుణమును వేరుగ వివరింప నక్కరలేదు. వేయేండ్ల నాటి మన్ను కాలి, దాని గంధము గింజను పట్టి, చిట్టచివర గ్లాసులోనికి దిగును.

పశ్చిమతీరమున ఐలా యను చిన్న ద్వీపము కలదు. దాని దక్షిణపు ఒడ్డున లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ అను మూడు బట్టీలు వరుసగా, ఒకదాని నుండి మరియొకదానికి నడచిపోగలిగినంత దూరములో ఉన్నవి. మూడింటికిని ఒక్కటే సముద్రము, ఒక్కటే పొగ. అయినను లఫ్రోయిగ్ మూతి తీయగానే అయొడిను, ఆసుపత్రి కట్టుగుడ్డ తలపునకు వచ్చును. లగవూలిన్‌లో పొగ చల్లారి తీపితో కలిసియుండును. ఆర్డ్‌బెగ్‌లో అది మండుచున్నట్లే తోచును. ఇక ఈశాన్యమున స్పే నది పరీవాహప్రాంతమునకు పోయినచో పొగ చాలవరకు మాయమై, ఆపిలు, బేరిపండు, తేనె గుబాళించును. గ్లెన్‌లివెట్, గ్లెన్‌ఫిడ్డిక్, మకాలన్ అచ్చటివే.

మాల్టును దంచి వేడినీట కలిపి, తీపి రసమును వడకట్టి, ఈస్టుతో పులియబెట్టుదురు. అప్పటికది నూటికి ఎనిమిది పాళ్ల సారము గల కల్లువంటి ద్రవము. దానిని పెద్ద రాగి పాత్రలలో రెండుమార్లు బట్టీ పట్టుదురు. రెండవ మారు వచ్చు ధారలో తొలిభాగమును, కడభాగమును విడిచి నడిమి ధారను మాత్రమే గ్రహింతురు. ఆ యెంపికలో తొందరపడిన ఘాటు, ఆలస్యము చేసిన కంపు. ఆ ధార తాళము వేసిన గాజుపెట్టెలో ప్రవహించును; ఒకప్పుడు దాని తాళపుచెవి ఆబ్కారీ అధికారియొద్దనే ఉండెడిది. పాత్ర రాగిది కావలెననుట ఆచారము కొఱకు కాదు. గంధకపు దుర్వాసనలను రాగి పీల్చివేయును. పాత్ర మెడ పొడవైనచో తేలికైన ఆవిరి మాత్రమే పైకి పోగలదు. అందుచే ఎత్తైన పాత్రలు గల గ్లెన్‌మొరాంజీ సారము తేలికగను, పొట్టి పాత్రలు గల మకాలన్ సారము బరువుగను ఉండును.

కొయ్య, కాలము

అట్లు వచ్చిన సారము నీటివలె తెల్లగా నుండును. సీసాలో మనము చూచు బంగారువన్నెను పీపా ఇచ్చును. అమెరికాలో బుర్బన్ విస్కీని లోపల కాల్చి మాడ్చిన క్రొత్త ఓక్ పాత్రలలోనే నిలువచేయవలెనని చట్టము. ఒక్కమారు వాడిన పీపా ఆ పనికి మరల చెల్లదు. అందుచే అవి వేలకొలది స్కాట్లండు చేరును. స్పెయిను దేశపు షెర్రీ మద్యము నింపిన పీపాలును చేరును. మొదటివాని వలన వెనిలా, కొబ్బరి వాసనలు, రెండవవాని వలన ఎండుద్రాక్ష, మసాలా వాసనలు పట్టును. వెనిలా అన్నది పొగడ్త కాదు. ఓక్ కొయ్యలోని లిగ్నిన్ అను పదార్థము వేడికి విరిగి, వెనిలా కాయలోనుండు వెనిలిన్ అను పదార్థమునే యిచ్చును.

పీపా ఊపిరి పీల్చుచు విడుచుచు ఉండును. స్కాట్లండు చలిలో ఏటికి నూటికి రెండు పాళ్ల వంతున విస్కీ ఆవిరియై పోవును. దానికి వారు దేవదూతల వాటా యని ముద్దుపేరు పెట్టిరి. 200 లీటర్ల పీపా పండ్రెండేండ్లలో ఐదవ వంతునకు మించి కోల్పోవును. మన దక్షిణదేశపు వేడిలో ఈ దేవదూతలకు దాహము మెండు. బెంగుళూరులో అమృత్ అను సంస్థ తయారుచేయు సింగిల్ మాల్ట్ 2004లో మొదట గ్లాస్గో నగరముననే అమ్మకమునకు వచ్చెను. అచ్చటి పీపాలనుండి ఏటికి పది, పండ్రెండు పాళ్లు ఆవిరియై పోవును. పండ్రెండేండ్లుంచినచో సుమారు నాల్గవ వంతే మిగులును! కావున వారు కొలది యేండ్లకే పీపా తెరతురు.

ముప్పదియేండ్ల విస్కీని పీపాలో నింపినవాడు దానిని తెరచునాటికి ఆ పనిలో ఉండడు. ఒక్కొక్కప్పుడు లోకముననే ఉండడు. తన మనుమలు తినుటకు మామిడిటెంక పాతిన తాత మనయెడ ప్రతి యూరను కలడు. ఆ తాత మనస్సు తెలిసినవాడు పాత విస్కీని గుటగుట త్రాగజాలడు.

మఱుగునపడిన గొంతులు

ఇంత శ్రమచే వచ్చు ఒక్క ఊరి రుచి నూరేండ్లకు పైగా లోకమునకు దాదాపు తెలియక పోవుట చిత్రమైన కథ.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున స్కాట్లండు కొండలలో దొంగబట్టీలే ఎక్కువ. 1823లో చట్టము సవరించి, సుంకము తగ్గించి, అనుమతిపత్రము తీసికొని బట్టీ పెట్టుట సుకరము చేసిరి. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో అట్టి పత్రము పొందిన జార్జి స్మిత్తు, దొంగబట్టీల వారి పగకు వెరచి కొంతకాలము రెండు పిస్తోళ్లు నడుమున కట్టుకొని తిరిగెను. అంతలో 1830లో ఈనియస్ కాఫీ అను మాజీ ఆబ్కారీ ఉద్యోగి ఎడతెగక పనిచేయు బట్టీయంత్రమునకు హక్కు పొందెను. దానిలో ఏ ధాన్యము నుండియైనను చౌకగా, తేలికగా సారము తీయవచ్చును. 1860 నాటి చట్టము ఆ సారమును మాల్టు విస్కీలతో, సుంకము కట్టకమునుపే గిడ్డంగిలో కలుపుటకు వీలిచ్చెను. బ్లెండెడ్ స్కాచ్ పుట్టి, లోకము నాక్రమించెను. నేటికిని అమ్ముడగు స్కాచ్‌లో అధికభాగము మిశ్రమమే.

మిశ్రమము నీచమని యనుట న్యాయము కాదు. ఇరువది ముప్పది బట్టీల సారములను కూర్చి, ఏటేట అదే రుచి నిలుపుట గొప్ప విద్య. కాని బృందగానములో చేరిన గాయకుని గొంతు వేరుగ వినబడదు గదా! చౌక సారమును విస్కీ యని అమ్మవచ్చునా యని 1905లో లండను నగరపు ఇస్లింగ్టన్ పేటలో వ్యాజ్యము నడచెను. 1908లో ప్రభుత్వము రాయల్ కమిషనును నియమించెను. రెండును విస్కీలే యని 1909లో కమిషను తేల్చెను. వర్తకులు ఊపిరి పీల్చుకొనిరి. మాల్టు బట్టీలు మిశ్రమమునకు సరుకందించు కొట్లుగా మిగిలినవి. అమ్మకము తగ్గిననాడు మొదట ఆరిపోవునది వాని పొయ్యియే. కాంబెల్‌టౌన్ అను రేవుపట్టణమున పందొమ్మిదవ శతాబ్దిలో ఇరువదికి పైగా ఉండిన బట్టీలలో 1930ల నడిమికి స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా యను రెండే మిగిలినవి.

అట్టి చీకటిలో మాల్టు పక్షమున మాటాడినవారు రచయితలు. 1930లో ఈనియస్ మక్‌డోనాల్డ్ అను కలము పేరుతో ఒక పత్రికారచయిత విస్కీని గూర్చి, వర్తకుని కొఱకు గాక ఆస్వాదించువాని కొఱకు, ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. 1935లో నీల్ గన్ ‘విస్కీ అండ్ స్కాట్లండ్’ అను గ్రంథమును వ్రాసెను. గన్ పేరెన్నికగన్న నవలాకారుడు. బ్రతుకుతెరువునకు ఆబ్కారీ ఉద్యోగి. ఇన్‌వర్‌నెస్ పట్టణమున ఒక బట్టీలో సుంకము లెక్కలు చూచుచు, ఆ లెక్కలలో పట్టని రుచిని గూర్చి వ్రాసెను. ఆ దేశమున ఇది పాత సంప్రదాయమే. 1786లో అచ్చయిన తన తొలి సంపుటమున విస్కీని స్తుతించిన కవి రాబర్ట్ బర్న్స్, 1789లో ఆబ్కారీ ఉద్యోగమున చేరెను. పొగడిన చేతితోనే పన్ను వసూలు చేసెను.

గన్ వాదము ఒక్క పానీయమును గూర్చినది కాదు. ఒక లోయకు తనదైన గొంతు ఉన్నప్పుడు, అది కలగలుపులో అణగిపోకుండ విననిండని ఆయన మొర. మాండలికములకును, పల్లెపాటలకును ఈ మొర వర్తించునని తెలుగు పంతుళ్లకు చెప్పనక్కరలేదు.

ఆ మొర ఫలించుటకు కాలము పట్టినది. 1963లో గ్లెన్‌ఫిడ్డిక్ వారు తమ సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండు వెలుపల పట్టుదలతో అమ్మసాగిరి. వర్తకులు కొందరు నవ్విరి, తరువాత అనుసరించిరి. అయినను 1983లో గిరాకి పడిపోగా పెక్కు బట్టీలు మూతపడెను. ఐలాలోని పోర్ట్ ఎలెన్, ఉత్తరమున బ్రోరా అందు చేరినవి. పొయ్యి ఆరినను పీపాలు చీకటికొట్లలో మిగిలినవి. తరువాతి నలుబదియేండ్లు ఆ రెండు పేర్ల విస్కీలను గ్లాసులో పోసికొన్నవారు, బట్టీ మూతపడిన తరువాతను దాని మాటను వినిరి. ఆ వినికిడియే వానికి మరల ప్రాణము పోసినది. బ్రోరా 2021లోను, పోర్ట్ ఎలెన్ 2024లోను తిరిగి తెరువబడెను.

గ్లాసు ముందు కూర్చుండుట

ఇక ఆస్వాదించు తీరు. గ్లాసు వెడల్పు మూతిది కారాదు. అడుగున బొజ్జయు, పైన సన్నని మెడయు గలది కావలెను. వాసన అందు గుమిగూడును. 2001లో వచ్చిన గ్లెన్‌కేర్న్ అను గ్లాసు ఇట్టిదే. బ్రిటను పానశాలలలో వాడుక కొలత 25 మిల్లీలీటరులు. అంతకుమించి పోయనక్కరలేదు. మంచుగడ్డ వేసినచో చలికి వాసన లేవక అణగిపోవును, నాలుకయు మొద్దుబారును. చల్లారిన కాఫీకి ఘుమఘుమ లేకపోవుట ఎరిగినదే గదా.

పోయగానే ముక్కును గ్లాసులో దూర్చరాదు. సారపు ఘాటు ముక్కును మండించి, తక్కిన వాసనలను తోచనీయదు. కొంత యెడముగా పట్టి, నోరు కొద్దిగా తెరచి, మెల్లగా దగ్గరకు తేవలెను. మొదట తోచినది పండువాసన కావచ్చును. రెండు నిమిషములాగి చూచిన కొయ్య. మరల చూచిన పొగ. మనుష్యుని ముక్కులో సుమారు నాలుగువందల రకముల వాసనగ్రాహకములు కలవు. వానిని కనిపెట్టిన రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి లభించెను. అక్షరములు ఏబదియారైనను మాటలకు అంతులేనట్లు, ఆ నాలుగువందల కలయికచే తోచు వాసనలకు లెక్కలేదు. మనకు కొఱత వాసనలు కాదు, పేర్లు. కావున ఈ పని భాషాభ్యాసమును కూడ. ఇది దేనివలె నున్నది? తాటిబెల్లమువలెనా? పాత పుస్తకమువలెనా? తడిసిన గోనెవలెనా? సరియైన పోలిక దొరకినప్పటి సంతోషము పద్యమునకు అన్వయము కుదిరినప్పటి సంతోషము వంటిది.

పిదప ఒక చిన్న గుటక. నోట నుంచి, నాలుక నలుమూలలకు పోనిచ్చి, మ్రింగి, ముక్కుగుండ ఊపిరి విడువవలెను. అప్పుడు గొంతు వెనుకగా వాసన మరల ముక్కున కెక్కును. మనము రుచి యనుకొనునది చాలవరకు ఇదియే. పడిసెము పట్టినవానికి పులుసు చప్పగా తోచుటకు కారణమును ఇదియే.

క్రొత్తవానికి మొదటి గుటక మంటగ నుండును. ఈ మంటతో ఆంధ్రులకు పాత పరిచయమే కలదు. గుంటూరు మిరపకాయ నోటిని మండించునది వేడి నెరుగు ఒక నాడీగ్రాహకమును తట్టుటచేతనే. 1997లో దానిని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకొనెను. ఆ గ్రాహకము మామూలుగా 42 డిగ్రీల వేడికి మేలుకొనును. సారము తగిలినచో దాని హద్దు 34 డిగ్రీలకు దిగునని 2002లో శాస్త్రజ్ఞులు చూపిరి. నోటి వేడి అంతకు మించియే యుండును. అనగా విస్కీ మండుట లేదు. మన నోటి వేడిమియే మనకు మంటగ తోచుచున్నది! మిరపకాయ నలవాటు చేసికొన్న నాలుక కారము వెనుకనున్న రుచిని కనుగొన్నట్లే, ఓపికగలవాడు మంట వెనుక తీపిని కనుగొనును.

ఇట నొక వివాదము. నీట్ అనగా చుక్క నీరైనను కలుపరాదని కొందరి పంతము. స్కాట్లండు నిపుణులలో పెక్కురు మాత్రము కొలది చుక్కలు వేసి చూడుమందురు. 2017లో స్వీడను దేశపు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞులు గణితయంత్రముచే దీనిని పరిశీలించిరి. పీట్ పొగవాసనకు మూలములలో గ్వాయకాల్ ఒకటి. సారము నూటికి 59 పాళ్లకు మించినచో గ్వాయకాల్ అణువులను సారము చుట్టుముట్టి లోపలనే పట్టియుంచును; 45 పాళ్లకు తగ్గినచో అవి పైకి, గాలి సోకు తావునకు చేరును. కావున పీపా బలముతో వచ్చిన ఘాటైన విస్కీకి కొలదిగా నీరు చేర్చుట నేరము కాదు, న్యాయమే. నలుబది పాళ్లకు దించి సీసాకెక్కించినదానికి ఆ పని ముందే జరిగియున్నది. తెలిసినవాడు మొదట నీట్‌గా చూచి, పిదప చుక్క వేసి, రెంటిని పోల్చును. పంతమునకు పోయినవాడు సగము పాఠమే చదువును.

మితము

ఈ విద్యకు హద్దు దానిలోనే యున్నది. ఒకే వాసనను పదేపదే పీల్చిన ముక్కు దానిని గుర్తించుట మానును. రెండవ గ్లాసులో సగము తోచదు. మూడవదానిలో త్రాగువాడు తప్ప ఏమియు మిగులదు. అటుపై జరుగునది ఆస్వాదనము కాదు, మఱపు. కాలేయమునకు రసికుడును త్రాగుబోతును ఒక్కటియే. అది పోలికలను మెచ్చుకొనదు, గ్లాసులను లెక్కించును.

తెలుగుదేశమున ఈ మాటను తేలికగా దాటిపోరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున స్త్రీలు సారాపై తిరుగబడిరి. రాత్రిబడులలో అక్షరములు దిద్దుచు, తమ బ్రతుకులవంటి కథనే పాఠముగా చదివి, వారు లేచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. ఆ నిషేధము 1997లో సడలింపబడెను. కూలిడబ్బును మ్రింగివేసిన ఆ సారాకును, పండ్రెండేండ్ల మాల్టునకును రసాయనశాస్త్రములో భేదము స్వల్పము; రెంటిలోను మత్తు నిచ్చునది ఒక్కటే పదార్థము. భేదమంతయు పుచ్చుకొనువాని తీరున కలదు. ఒకడు తన్ను మరచుటకు త్రాగును. ఒకడు ఎదుటనున్నదానిని ఎరుగుటకు చప్పరించును. వీడు వాడుగా మారుటకు రెండు గ్లాసులు చాలును. ఈ సంగతి నెరుగనివానికి ఎంత ఖరీదైన సీసాయైనను వ్యర్థము.

కావున తెలిసినవాడు ఒక్క గ్లాసుతో లేచిపోవును. గ్లాసును వెంటనే కడుగడు. రాత్రి గడచి, సారమును నీరును ఆవిరియై పోయి, గ్లాసు పూర్తిగా ఆరియుండగా, ఉదయమున దానిని మరల ముక్కు కడకు చేర్చును. అందు తడి లేదు, మంట లేదు, మత్తు లేదు. కాని కొయ్యవాసన కలదు. ఐలా విస్కీయైనచో, ఆరిన పొయ్యి వంటి పొగవాసన కలదు. నీరు పోయినను గంధము నిలిచినది. అది భూమి సొత్తని మన తార్కికులు చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకము వచ్చును.